పేరు పెద్ద కంపెనీది, కొట్టు దొంగది
నకిలీ వెబ్‌సైట్ల వలలో పల్లె జనం - మొదటి గంటలో మేలుకుంటేనే సొమ్ము దక్కే ఆశ

మణికొండ : సంతలో నకిలీ సరుకు అమ్మేవాణ్ణి పట్టుకోవడం అంత కష్టం కాదు. వాడు ఏ చెట్టు కింద కూర్చున్నాడో పదిమందికీ తెలుసు. ముఖం గుర్తుంటుంది. వచ్చే వారం మళ్ళీ సంతకు రాక తప్పదు. కంప్యూటరులో తెరిచిన దొంగకొట్టు సంగతి వేరు. దానిమీద దేశమంతా తెలిసిన కంపెనీ బోర్డు వుంటుంది, ముద్ర వుంటుంది, ఫోను నెంబరు కూడా వుంటుంది. డబ్బు కట్టాక కొద్దిరోజులు పోయి చూస్తే అక్కడ బోర్డూ వుండదు, కొట్టువాడూ వుండడు.

పేరున్న సంస్థల వెబ్‌సైట్లను అచ్చుగుద్దినట్లు నకలు తీసి జనం సొమ్ము కాజేస్తున్న ఈ కొత్తరకం దొంగతనం నగరాలతో ఆగలేదు. సెల్‌ఫోను చేరిన ప్రతి పల్లెకూ చేరింది. గ్యాస్ ఏజెన్సీ ఇస్తామని, ఉద్యోగం ఖాయమైందని, దేవుడి దర్శనం టిక్కెట్టు దొరుకుతుందని, బ్యాంకు ఖాతా ఆగిపోతుందని రకరకాల పేర్లతో వల పన్నుతున్నారు. అన్నిరకాల సైబర్ మోసాలూ కలిపి 2024 ఒక్క సంవత్సరంలోనే దేశంలో 22,845 కోట్ల రూపాయలు పోయాయని కేంద్ర హోం శాఖ పార్లమెంటుకు తెలియజేసింది. అంతకుముందు సంవత్సరం పోయింది 7,465 కోట్లు. ఏడాదిలోనే మూడు రెట్లయిందన్నమాట.

మణికొండ మీద మోజు

మణికొండ ఒకప్పుడు రాళ్ళగుట్టల మధ్య చిన్న ఊరు. 1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించాక ఈ చుట్టుపక్కల రూపే మారిపోయింది. ఇన్ఫోసిస్, విప్రో వంటి కంపెనీల తపాలా చిరునామాల్లో ఇప్పటికీ మణికొండ గ్రామం పేరు, సర్వే నెంబరు కనిపిస్తాయి. 2018లో మణికొండ మునిసిపాలిటీ అయింది. చేవెళ్ళ, శంకరపల్లి, మొయినాబాద్, షాబాద్ వైపు పల్లెల నుంచి కూరగాయలు, పూలు, పాలు ఎలా ఇటు వస్తున్నాయో, చదువు ముగించిన పిల్లలూ అలాగే ఉద్యోగాలు వెతుక్కుంటూ వచ్చి ఇక్కడి హాస్టళ్ళలో దిగుతున్నారు.

ఈ ఆశే దొంగలకు పెట్టుబడి. పెద్ద కంపెనీ పేరుతో వెబ్‌సైటు తెరిచి, దరఖాస్తు తీసుకుని, ఫోనులోనే ఇంటర్వ్యూ జరిపి, ముద్రతో సహా నియామక ఉత్తరం పంపిస్తారు. ఆ తర్వాత అసలు కథ మొదలవుతుంది. రిజిస్ట్రేషను ఫీజు అంటారు. లాప్‌టాప్‌కు డిపాజిట్టు అంటారు. శిక్షణ ఖర్చు అంటారు. ఉద్యోగంలో చేరగానే అంతా తిరిగి ఇచ్చేస్తామంటారు. ఇంటిదగ్గర తండ్రి పాడిగేదెను అమ్మో, వడ్డీకి తెచ్చో డబ్బు పంపుతాడు. ఉత్తరం పట్టుకుని కంపెనీ గేటు దగ్గరకు వెళితేగాని అది దొంగ ఉత్తరమని తెలియదు.

ఉద్యోగం ఇవ్వడానికి ఎవరిదగ్గరా పైసా తీసుకోబోమని ఈ పెద్ద కంపెనీలు తమ సొంత వెబ్‌సైట్లలోనే ప్రకటించాయి. నియామక ఉత్తరంతోబాటు డబ్బు కట్టమన్న కబురు వస్తే అది దొంగ కబురేనని అక్కడికక్కడే తేల్చుకోవచ్చు.

నకలు తీయడం నిమిషాల పని

అసలు కంపెనీ వెబ్‌సైటులో కనిపించే బొమ్మలు, అక్షరాలు, రంగులు అన్నీ ఎవరైనా తీసుకుని మరోచోట అతికించవచ్చు. దానికి పెద్ద చదువు అక్కరలేదు. కొత్త చిరునామా కొనడానికి సంవత్సరానికి కొన్ని వందల రూపాయలు చాలు. కొనేవాడు తప్పుడు పేరు ఇచ్చినా చాలాచోట్ల చెల్లిపోతున్నది. ఆపైన డబ్బిచ్చి గూగుల్‌లో ప్రకటన వేయిస్తే, జనం వెతికినప్పుడు అసలు కొట్టుకంటే దొంగకొట్టే ముందు కనపడే ప్రమాదం వుంది. అలాంటి ప్రకటనల పక్కన ‘స్పాన్సర్డ్’ అన్న చిన్న మాట వుంటుంది. పైన కనిపించినంత మాత్రాన అది అసలుదని నమ్మకూడదు.

చిరునామా పక్కన తాళంకప్ప బొమ్మ వుంటే భయం లేదని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. మనం పంపే సమాచారాన్ని దారిలో ఇంకెవరూ చదవలేరని మాత్రమే ఆ తాళం అర్థం. అవతల వున్నవాడు దొరో దొంగో అది చెప్పదు. ఆ తాళం దొంగకూ ఉచితంగానే దొరుకుతుంది.

దేవుడి పేరునూ వదల్లేదు

ఈ మోసానికి తిరుమల తిరుపతి దేవస్థానం అనుభవమే పెద్ద సాక్ష్యం. దర్శనం టిక్కెట్లు, గదుల కోసం లక్షలాదిమంది వెతుకుతారు గనుక దేవస్థానం పేరు మీద నకిలీ వెబ్‌సైట్లు పుట్టగొడుగుల్లా లేచాయి. 2023 ఏప్రిల్‌లో అలాంటి మరో సైటు బయటపడగా దేవస్థానం ఐటీ విభాగం ఫిర్యాదుపై తిరుమల వన్‌టౌన్ పోలీసులు కేసు నమోదు చేశారు. అప్పటికే 40 నకిలీ సైట్లపై ఫిర్యాదులుండగా ఇది 41వది.

ఆ నకిలీ చిరునామాను గమనిస్తే దొంగల తెలివి తెలుస్తుంది. దేవస్థానానికి అప్పట్లో వున్న అసలు చిరునామా ‘తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’. దొంగ చిరునామా ‘తిరుపతిబాలాజీ’ తర్వాత చిన్న అడ్డగీత, ‘ఏపీ’, మళ్ళీ అడ్డగీత, ‘గవ్’, చివర ‘డాట్ ఆర్గ్’. చుక్కలున్నచోట గీతలు పెట్టాడు, చివరి మాట మార్చాడు. మిగతాదంతా ఒకటే. టిక్కెట్టు తొందరలో వున్న భక్తుడికి ఈ తేడా కంటికి ఆనదు. 2024 జనవరిలో దేవస్థానం తన అధికారిక చిరునామాను ‘టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’గా మార్చింది.

చిరునామా తోకనుంచి చదవాలి

ఉత్తరం మీది చిరునామాను తపాలావారు కిందినుంచి చూస్తారు. ముందు జిల్లా, తర్వాత ఊరు, ఆ తర్వాతే మనిషి పేరు. వెబ్‌సైటు చిరునామానూ అలాగే వెనకనుంచి చదవాలి. మొదటి ఏటవాలు గీత వచ్చేవరకే అది చిరునామా. అక్కడినుంచి వెనక్కి చూస్తే చివర ‘డాట్ కామ్’, ‘డాట్ ఇన్’ వంటి మాట వుంటుంది. దానికి సరిగ్గా ముందున్న పేరే ఆ ఇంటి యజమాని పేరు. అంతకుముందు ఎన్ని గొప్ప పేర్లున్నా అవన్నీ ఆ ఇంట్లోని గదులు మాత్రమే. యజమాని తన గదికి ఏ పేరైనా పెట్టుకోవచ్చు. కనుక మొదట్లో కంపెనీ పేరు కనిపించి, చివరలో ఊరూపేరూ తెలియని మాట వుంటే ఆ ఇల్లు కంపెనీది కాదు.

ప్రభుత్వానికి సంబంధించిన వాటికి ‘డాట్ గవ్ డాట్ ఇన్’ అనే తోక వుంటుంది. ఇది ప్రభుత్వ సంస్థలకు తప్ప బయటివారికి ఇవ్వరు. రైతులకు ఏటా 6 వేల రూపాయలు ఇచ్చే కిసాన్ సమ్మాన్ పథకం చిరునామా ‘పీఎంకిసాన్ డాట్ గవ్ డాట్ ఇన్’. ఆ పథకం పేరు చెప్పి వాట్సాప్‌లో వచ్చే ఫైలును తెరిస్తే ఫోను మొత్తం దొంగ చేతికి చిక్కే అవకాశం వుంది.

బ్యాంకులకూ ఇప్పుడు ప్రత్యేకమైన తోక వచ్చింది. 2025 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఈ సంగతి ప్రకటించింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అనే చిరునామాకు మారాలని ఏప్రిల్‌లో గడువు పెట్టింది. ఈ చిరునామాలను ఇచ్చే బాధ్యత హైదరాబాదు మాసాబ్ ట్యాంకులో వున్న ఐడీఆర్‌బీటీ అనే సంస్థది. 1996లో రిజర్వు బ్యాంకే దీన్ని నెలకొల్పింది. ఇది బ్యాంకులకు తప్ప ఇతరులకు ఆ తోక ఇవ్వదు. కనుక బ్యాంకు పేరు చెప్పి మరే తోకతో లింకు వచ్చినా ముట్టుకోకుండా వుండడమే మేలు.

గ్యాస్ ఏజెన్సీ ఆశ

పల్లెల్లో నాలుగు రూపాయలు కూడబెట్టినవారిని పట్టే వల డీలర్‌షిప్ వల. పెట్రోలు బంకు, గ్యాస్ ఏజెన్సీ ఇస్తామంటూ నకిలీ సైట్లు నడుస్తున్నాయని ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియం కంపెనీలు అనేకసార్లు హెచ్చరించాయి. ఈ కంపెనీలు డీలర్లను ఎంపిక చేసేటప్పుడు ముందుగా పత్రికల్లో బహిరంగ ప్రకటన ఇస్తాయి. ప్రకటనే లేకుండా, మీ గ్రామానికి ఏజెన్సీ మంజూరైంది, ఫలానా ఖాతాలో లక్ష కట్టండి అని ఫోను వస్తే ఆ ఏజెన్సీ గాలిలో మేడే. అనుమానముంటే సమీపంలోని అసలు డీలరునో, కంపెనీ ప్రాంతీయ కార్యాలయాన్నో స్వయంగా వెళ్ళి అడగడం మంచిది. వందల మైళ్ళ అవతలి గొంతును నమ్మేకంటే పది మైళ్ళు బస్సెక్కడం చవక.

డబ్బు పంపేముందు మరో చిన్న పరీక్ష వుంది. ఫోన్‌పే, గూగుల్‌పే వంటివాటిలో నెంబరు కొట్టగానే ఖాతాదారు పేరు కనిపిస్తుంది. కంపెనీకి కడుతున్నామనుకున్న డబ్బు ఎవరో వ్యక్తి పేరు మీదికి పోతుంటే చేయి అక్కడే ఆపాలి. కంపెనీ సొమ్ము కంపెనీ ఖాతాలోనే పడాలి.

సొమ్ము పోతే మొదటి గంటే ప్రాణం

మోసపోయామని తెలిశాక చాలామంది చేసే మొదటి పని సిగ్గుతో నోరు మూసుకోవడం. రెండో పని అదే దొంగకు మళ్ళీ ఫోను చేసి బతిమాలడం. ఈలోపల సొమ్ము చేతులు మారిపోతుంది. దొంగ తన సొంత ఖాతాలో డబ్బు వేయించుకోడు. కమీషను ఆశచూపి ఎవరెవరి పేర్లమీదో తెరిపించిన ఖాతాల్లో వేయిస్తాడు. ఒక ఖాతానుంచి నాలుగు ఖాతాలకు, అక్కడినుంచి మరో పదింటికి పంపి, ఏదో రాష్ట్రంలో ఏటీఎం నుంచి తీసేస్తారు. ఇదంతా కొద్ది గంటల్లోనే అయిపోతుంది.

అందుకే వెంటనే 1930 నెంబరుకు ఫోను చేయాలి. ఇది దేశమంతటికీ ఒకే నెంబరు. కేంద్ర ప్రభుత్వం 2021లో వేరే అంకెతో ఈ ఏర్పాటు మొదలుపెట్టి, 2022లో 1930గా మార్చింది. ఫిర్యాదు అందగానే ఆ వివరాలు సంబంధిత బ్యాంకులకు చేరతాయి. డబ్బు ఇంకా ఏ ఖాతాలోనైనా మిగిలివుంటే దాన్ని అక్కడే నిలిపివేస్తారు. ఫోను చేసేవారి దగ్గర ఖాతా నెంబరు, ఎంత పోయింది, ఏ సమయంలో పోయింది, బ్యాంకు మెసేజిలో వుండే లావాదేవీ నెంబరు సిద్ధంగా వుండాలి. ఫోను పెట్టేశాక ‘సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్’లో ఫిర్యాదు పూర్తిచేసి రసీదు నెంబరు రాసి పెట్టుకోవాలి.

బ్యాంకుకూ అదే గంటలో చెప్పాలి. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశాల్లో ఒక ముఖ్యమైన మాట వుంది. ఖాతాదారు తానే రహస్య నెంబరు చెప్పి పొరపాటు చేసినా, బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టమే అతనిది. తెలియజేశాక ఖాతానుంచి దొంగ లాగిన సొమ్ముకు బ్యాంకే బాధ్యత వహించాలి. కనుక ఫిర్యాదు చేసిన సమయానికి రుజువు వుంచుకోవడం అవసరం. బ్యాంకు నెలరోజుల్లో పట్టించుకోకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దాని వివరాలకు 14448 నెంబరు వుంది.

స్టేషనుకు వెళితే ఇది మా పరిధి కాదని తిప్పి పంపడానికి వీల్లేదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఇలా ఖాతాల్లో నిలిపివేసిన సొమ్మును లోక్ అదాలత్ ద్వారా బాధితులకు ఇప్పించే ఏర్పాటు తెలంగాణలో వుంది. 2024లో వేలాదిమంది ఈ దారిలో కొంతైనా తిరిగి పొందారు. వారిలో ఎక్కువమంది ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేసినవారే.

దొంగను పట్టడం వేరు, సొమ్ము పట్టడం వేరు. 2022 ఆగస్టులో ఒక సైబర్ మోసం కేసులో నిందితులను వెతుక్కుంటూ తెలంగాణ పోలీసు బృందం బీహారులోని నవాదా జిల్లా దాకా వెళ్ళింది. అక్కడ పోలీసుల మీద కాల్పులు జరిగాయి. చివరికి నలుగురిని అరెస్టు చేసి కోటీ 22 లక్షల రూపాయల నగదు పట్టుకున్నారు. అంతదూరం వెళ్ళి ప్రాణాలకు తెగించి పట్టుకోవలసిన దొంగను, ఇంటిదగ్గర కూర్చుని ఒక్క ఫోనుతో అడ్డుకోవడం తేలిక.

సొమ్ము పోయినవారిని వెతుక్కుంటూ రెండో దొంగ వస్తాడు. పోయింది రప్పిస్తాం, ముందుగా కొంచెం ఫీజు కట్టండి అంటాడు. ఒక్కోసారి పోలీసుల పేరూ చెబుతాడు. పోలీసులు గాని, 1930 వారు గాని డబ్బు అడగరు.

పేరు పోయిన వ్యాపారి గోడు

ఈ మోసంలో దెబ్బతినేది డబ్బు కట్టినవాడొక్కడే కాదు. ఎవరి పేరు వాడుకున్నారో ఆ వ్యాపారి కూడా నలుగురిలో తలవంచుకుంటున్నాడు. పెద్ద కంపెనీకి వకీళ్ళుంటారు. ఊళ్ళో బియ్యం, పచ్చళ్ళు, విత్తనాలు, పూలమొక్కలు అమ్ముకుంటూ ఫోనులో ఆర్డర్లు తీసుకునే చిన్న వ్యాపారికి ఎవరున్నారు? డబ్బు కట్టాం, సరుకేదీ అని జనం వచ్చి కొట్టు ముందు నిలదీస్తే చేయని తప్పుకు జవాబు చెప్పుకోవాలి.

అలాంటివారు చేయవలసిన పనులు కొన్ని వున్నాయి. ముందుగా ఆ దొంగ సైటును, దాని పూర్తి చిరునామా, తేదీ కనపడేట్లు ఫోటోలు తీసి పెట్టుకోవాలి. సైటు మాయమయ్యాక రుజువు దొరకదు. తర్వాత పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలి. మోసపోయినవారే కేసు పెట్టాలన్న నియమం లేదు. ఇతరుల గుర్తింపును దొంగిలించి వాడడం ఐటీ చట్టం 66-సి సెక్షను కింద, కంప్యూటరు సాయంతో వేరొకరిలా నటించి మోసగించడం 66-డి సెక్షను కింద నేరాలు. రెండింటికీ మూడేళ్ళవరకు జైలు, లక్ష రూపాయలవరకు జరిమానా వున్నాయి.

ఆపైన సైటును మూయించే పని. ఏ చిరునామా ఏ కంపెనీ ద్వారా అమ్ముడైందో ‘హూఈజ్’ అనే బహిరంగ జాబితాలో తెలుస్తుంది. చిరునామా అమ్మిన కంపెనీకి రుజువులతో ఈ-మెయిలు పంపాలి. చిరునామాల వ్యవస్థను ప్రపంచస్థాయిలో చూసే ఐకాన్ అనే సంస్థ 2024 ఏప్రిల్ నుంచి, ‘డాట్ కామ్’ వంటి చిరునామాల విషయంలో ఇలాంటి రుజువులు చూపితే చర్య తీసుకోవడాన్ని అమ్మకందార్లకు తప్పనిసరి చేసింది. ప్రకటన కనిపించినచోట గూగుల్‌కూ ఫిర్యాదు చేయవచ్చు. చదువుకున్న కుర్రవాడు పక్కనుంటే ఇదంతా ఒక పూట పని.

అన్నిటికంటే ముందు తన ఖాతాదారులకు చెప్పాలి. మాకు ఈ ఒక్క నెంబరే వుంది, ఈ ఒక్క ఖాతాలోనే డబ్బు తీసుకుంటాం అని కొట్టు ముందు బోర్డు పెట్టి, వాట్సాప్‌లో పంపితే సగం మోసం ఆగిపోతుంది. పరువు పోతుందని దాచిపెడితే దొంగకు మరో వారం గడువిచ్చినట్లే.

సుప్రీంకోర్టు మాట

వెబ్‌సైటు పేరుకు కూడా దుకాణం పేరుకున్నంత విలువ వుందని సుప్రీంకోర్టు 2004 మే 6న తీర్పు చెప్పింది. హైదరాబాదులో పుట్టిన సత్యం కంప్యూటర్స్ సంస్థకు సత్యం ఇన్ఫోవే అనే అనుబంధ కంపెనీ వుండేది. అది తన పేరులోని అక్షరాలు కలిపి ‘సిఫీ’ అనే మాట తయారు చేసుకుంది. దాదాపు అదే ఉచ్చారణతో మరో కంపెనీ వెబ్‌సైటు పెట్టుకోగా వ్యవహారం కోర్టుకెక్కింది. కింది కోర్టు సత్యం ఇన్ఫోవేకు అనుకూలంగా చెప్పింది, హైకోర్టు తిరగదోడింది, చివరికి సుప్రీంకోర్టులో సత్యం ఇన్ఫోవేయే గెలిచింది. ఒకరు సంపాదించుకున్న మంచిపేరును మరొకరు వాడుకుని జనాన్ని తికమకపెట్టడం తగదన్నది ఆ తీర్పు సారాంశం.

ఈ తీర్పు చిన్న వ్యాపారికీ వర్తిస్తుంది. తన వ్యాపారం పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకుంటే పోరాడడం ఇంకా తేలిక. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలకు చెన్నైలోని రిజిస్ట్రీ ఆఫీసే దిక్కు. అయితే దరఖాస్తు ఇంటినుంచే కంప్యూటరులో పంపుకోవచ్చు. 2017 నిబంధనల్లో చిన్న సంస్థలకు ఈ విధంగా పంపే దరఖాస్తు రుసుము ఒక్కో తరగతికి 4,500 రూపాయలుగా పెట్టారు.

గోడమీద ఆ నాలుగంకెలు

అంబులెన్సుకు 108 అని పల్లెలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1930 అంటే ఏమిటో చదువుకున్నవారిలోనే చాలామందికి తెలియదు. గ్రామ పంచాయతీ ఆఫీసు గోడమీద, పాలకేంద్రం దగ్గర, రేషను దుకాణంలో, బ్యాంకు గుమ్మం పక్కన ఈ నాలుగంకెలు పెద్ద అక్షరాలతో రాయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. మణికొండలో పల్లె పిల్లలుండే హాస్టళ్ళ నోటీసుబోర్డుల మీద, కాలేజీల్లో కూడా రాయించాలి. మహిళా సంఘాల నెలవారీ సమావేశంలో చిరునామా తోకనుంచి చదవడం ఒకసారి చూపిస్తే ఊరంతా నేర్చుకుంటుంది.

అనుమానపు ఫోను, మెసేజి వస్తే డబ్బు పోకముందే తెలియజేయడానికి 2024 మార్చి నుంచి కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీలో ‘చక్షు’ అనే ఏర్పాటు వుంది. నగరంలో పనిచేసే కొడుకో, ఊళ్ళో ఇంటర్ చదివే మనుమరాలో సాయం చేస్తే చాలు. డబ్బు కట్టేముందు ఇంట్లో మరొక మనిషికి చూపించి అడగాలి. ఎవరికీ చెప్పవద్దు, అరగంటలో కట్టకపోతే అవకాశం పోతుంది అని అవతలివాడు తొందరపెట్టాడంటే వాడు దొంగేనని గ్రహించాలి. అసలు కంపెనీ రేపటికీ అక్కడే వుంటుంది.